బాలరాజులూ, పేష్కషూ

బొబ్బిలి కథ ఎక్కడ ముగుస్తుంది? బుర్రకథ చెప్పేవారిదీ, నాటకకర్తలదీ, సినిమావారిదీ దాదాపు ఒకే జవాబు: తాండ్ర పాపయ్య బాకు. గుడారంలో పెద విజయరామరాజు నెత్తురు కారగానే తెర పడుతుంది. కాని 1757 జనవరి 24న కోట కూలినప్పుడు రంగారావు కొడుకు చినరంగారావు ప్రాణాలతో మిగిలాడు. ఆ పసివాడి కథ మన రచయితలకు అంతగా పట్టలేదు.

పట్టి ఉంటే ఏం రాసేవారో ఊహించడం కష్టం కాదు. దాది కన్నీళ్ళు, మారువేషం, నమ్మినబంటు, చివరకు పట్టాభిషేకం! మన చారిత్రక నవలకు బాలరాజంటే వంశాంకురం. ఆ అంకురానికి నీరు పోసేదెవరని మాత్రం అడగదు.

చరిత్ర వేరే కథ చెబుతుంది. పెరిగిన చినరంగారావు విజయనగరం వారికి బందీ అయి, తప్పించుకుని నిజాం రాజ్యం చేరాడు. అటు విజయనగరం గద్దె మీదా దత్తత వచ్చిన బాలుడే, చిన విజయరామరాజు. పేరు అతనిది, పెత్తనం అన్న సీతారామరాజుది. ఆ పెత్తనం తొలగేసరికి కుంపిణీ బాకీల చిట్టా పట్టుకుని వచ్చింది. 1793లో జమీందారీని జప్తు చేసి, నెలకు 1,200 రూపాయల భరణం పుచ్చుకుని మచిలీపట్నం పొమ్మంది. అతడు పోలేదు. 1794 జూలై 10 తెల్లవారుజామున పద్మనాభం దగ్గర కుంపిణీ సేనల చేతిలో చనిపోయాడు.

మళ్ళీ ఒక బాలుడు మిగిలాడు, అతని కొడుకు నారాయణబాబు. అతన్ని మక్కువ వైపు తీసుకుపోయి కాపాడిన కొండ జమీందార్లకు అతడొక జెండా. కుంపిణీకి తాకట్టు వస్తువు. బేరం కుదిరింది. తండ్రిని చంపినవారే కొడుకును గద్దె ఎక్కించారు, కొండ జమీందారీలు విడగొట్టి, 6 లక్షల పేష్కషు కట్టి. చినరంగారావును బొబ్బిలిలో తిరిగి కూర్చోబెట్టిందీ ఆ ఏడాదే. 37 ఏళ్ళ పగ కచేరీలో ఒక్క కలంపోటుతో సర్దుబాటయింది!

నవలాకారుడికి కావలసిన రంగం ఆ కచేరీయే. బాలుడు అమాయకుడే, కాదనం. పాఠకుణ్ణి ఏడ్పించినా తప్పులేదు. అయితే ఆ లక్షలు నాగావళి, చంపావతుల ఒడ్డున దున్నినవాడి గాదెలోంచి వచ్చాయి. ఆ రైతు నవలలో రాజు గుర్రానికి దారి ఇచ్చే గుంపుగా తప్ప కనిపించడు. 1802 శాశ్వత పరిష్కారం పేష్కషును 5 లక్షలకు స్థిరపరిచింది. రైతు శిస్తుకు అంత గట్టి హద్దు చాలాకాలం రాలేదు.

పట్టాభిషేకంతో కథ ముగించదలచినవారికి మరొక సంగతి. నారాయణబాబు 1845లో కాశీలో పోయాడు. అప్పటికి జమీందారీ అప్పుల్లో మునిగి ఉంది.