సముద్రజలము ప్రాణము నిలుపునా? – బొంబార్ గ్రంథముపై విమర్శ

సాలూరు కొండల అడుగున, వేగావతి ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి విద్యార్థులలో సముద్రము చూడనివారు ఎందరో ఉండవచ్చును. అయినా సముద్రపు ఉప్పు ఆ ఊరికి క్రొత్తది కాదు. పూర్వము తీరమునుండి జయపురం కొండలకు ఉప్పు మూటలు ఎద్దుల మీద ఎక్కిన త్రోవలలో సాలూరు త్రోవ ఒకటి. ఉప్పు లేనిదే బ్రతుకు లేదు. ఉప్పు మితిమీరినా బ్రతుకు లేదు. ఈ రెంటి నడుమ హద్దు ఎక్కడ అన్న ప్రశ్నను ఒక ఫ్రెంచి గ్రంథము చాలా సాహసముగా లేవదీసింది. 1953లో వెలువడిన ఆ గ్రంథము పేరుకు ‘కోరి సముద్రము పాలైనవాడు’ అని అర్థము చెప్పుకొనవచ్చు. రచయిత అలేన్ బొంబార్ అనే వైద్యుడు.

బులోన్ రేవులో పనిచేస్తున్న కాలమున, ఓడ ప్రమాదములో మరణించిన నావికుల శవములను ఆయన చూచారు. ఓడ మునిగి చిన్న పడవ ఎక్కినవారు ఆకలిదప్పుల కంటె ముందు భయముతోనే చనిపోతున్నారని ఆయనకు తోచింది. సముద్రమే వారిని పోషింపగలదని నిరూపించాలని పూనుకొన్నారు. 1952 అక్టోబరు 19న కానరీ దీవులనుండి గాలితో ఉబ్బించిన రబ్బరు పడవలో ఒంటరిగా బయలుదేరి, 65 రోజులకు, డిసెంబరు 23న బార్బడోస్ దీవి చేరారు. చేపలు పట్టి తిన్నారు, వాటి మాంసమును పిండి రసము త్రాగారు, వాననీరు పట్టుకొన్నారు. వీటితోపాటు కొద్దికొద్దిగా సముద్రపు నీరు కూడ త్రాగారు. దప్పిక ముదరక ముందే మొదలుపెట్టి, స్వల్పముగా, కొద్ది రోజులకు మించకుండా త్రాగితే ఆ నీరు మేలు చేస్తుందని ఆయన వాదము.

గ్రంథమునందలి గొప్ప గుణమును ముందుగా ఒప్పుకొనవలెను. ఇతరులకు చెప్పదలచిన మాటను ఆయన తన శరీరము మీదనే పరీక్షించారు. నిరాశ ప్రాణాంతకమన్న హెచ్చరిక విలువైనది. అయితే ధైర్యము వేరు, నిరూపణ వేరు. ఈ పుస్తకము ఆ రెంటినీ కలిపివేసింది.

ఆయన బ్రతికినది నిజము. సముద్రజలము త్రాగినదీ నిజము. త్రాగినందువలననే బ్రతికినాడనుటకు మాత్రము ఆధారమేదీ? వాన కురిసింది. చేపల రసములో ఉప్పు సముద్రజలములో కంటె చాలా తక్కువ. 53వ రోజున ఒక ఓడ ఎదురై ఆయనకు భోజనము పెట్టింది. ఇన్ని కారణములు కలిసి పనిచేసినప్పుడు ఒక్కదానికే కీర్తి కట్టబెట్టుట శాస్త్రము కాదు. ఆ యాత్రలో ఆయన సుమారు 25 కిలోల బరువు తగ్గినట్లు కూడ మరువరాదు.

ఇక శరీరము వేసే లెక్క చూతము. లీటరు సముద్రజలములో దాదాపు 35 గ్రాముల లవణములున్నవి. మన మూత్రపిండములు ఎంత శ్రమించినా లీటరు మూత్రములో సుమారు 20 గ్రాముల ఉప్పునకు మించి బయటికి పంపలేవు. అంటే ఒక లీటరు త్రాగినవాడు ఆ ఉప్పు వదిలించుకొనుటకు ఒకటి ముప్పాతిక లీటర్ల నీరు ఖర్చు పెట్టవలెను. లోటు ముప్పాతిక లీటరు శరీరములోనుండే పోవలెను. పైగా అదే మూత్రము యూరియాను కూడ మోయవలెను. సముద్రజలములోని మెగ్నీషియము, సల్ఫేటు విరేచనములు కలిగించి మరికొంత నీటిని పోగొట్టును. రాబడి కంటె ఖర్చు హెచ్చైన సంసారము అప్పుతో ఎన్నాళ్ళు సాగును? త్రాగిన పరిమాణము తగ్గితే నష్టము తగ్గును గాని, నష్టము లాభముగా మారదు.

బొంబార్ మాటను ఆచరణలో పరీక్షించినవారిలో జర్మను వైద్యుడు హానెస్ లిండెమన్ ముఖ్యుడు. ఆయన 1955లో చెట్టు మాను తొలిచిన పడవలోను, 1956లో మడత పడవలోను అట్లాంటిక్ దాటి, సముద్రజలము త్రాగరాదనే తేల్చారు. 1956లోనే బ్రిటిష్ వైద్య పరిశోధక మండలి, 1940–44 మధ్య ఓడలు కోల్పోయిన నావికులను గూర్చి నివేదిక వెలువరించింది. అందులో పరిశీలించిన 163 ప్రాణరక్షక పడవ యాత్రలలో, సముద్రజలము త్రాగినవారిలో మరణములు నూటికి 39. త్రాగనివారిలో 3 మాత్రమే.

ఈ అంకెలను కూడ కన్నులు మూసుకొని స్వీకరించరాదు. మంచినీరు ముందే అయిపోయి చావుకు దగ్గరపడినవారే ఉప్పునీటికి ఎగబడి ఉండవచ్చును గదా? ఆ శంక న్యాయమైనదే. కాని అంకెలు చూపిన దిక్కునే మూత్రపిండముల లెక్క కూడ చూపుతున్నది. రెండు సాక్ష్యములు వేరు వేరు త్రోవలలో వచ్చి ఒకే చోట కలిసినప్పుడు నిర్ణయము బలపడును. బొంబార్ పుస్తకములో లేనిది ఈ బలమే.

సముద్రము లేని సాలూరులో ఈ చర్చ ఎందుకని అడుగవచ్చును. అతిసారము తగిలిన పసిబిడ్డకు ఇంట్లో కలిపి ఇచ్చే నీటి కొలత ఇది: లీటరు శుభ్రమైన నీటికి తలగొట్టిన చిన్న చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. రుచి కన్నీటి కంటె ఉప్పగా ఉండరాదు. పొరపాటున ఉప్పు, పంచదారల కొలతలు తారుమారైతే ఆ లీటరులో పడే ఆరు చెంచాల ఉప్పు దాదాపు 35 గ్రాములు. అది సముద్రజలమే! కొండమీది ఇంటిలో, గిన్నెలోనే, ఒక చెంచా తేడాతో సముద్రము పుట్టగలదు. అందుచేత సముద్రజలమైనా కొద్దిగా మంచిదేనన్న మాట తరగతిలో నిలువనీయరాదు.

ఉపాధ్యాయులు బంగాళాదుంప ముక్కలను మంచినీటిలోను, లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీటిలోను కొన్ని గంటలు ఉంచి, ముందూ తరువాతా తూచి చూపవచ్చు. మంచినీటిలోనిది బిగిసి బరువెక్కును. ఉప్పునీటిలోనిది మెత్తబడి తేలికపడును. తరువాత బొంబార్ కథ చెప్పండి. ఆయన ధైర్యమును మెచ్చుకొననివ్వండి. ఆయన వాదములో ఏ మెట్టు లేదో విద్యార్థులనే వెదకనివ్వండి.