నడుము కట్టుకుని ఎగరాలి

వేసవి సెలవులు దగ్గరపడేసరికి చుండూరు, తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల ఊళ్ళల్లో అమెరికా ప్రయాణాల సందడి మొదలవుతుంది. కూతురి పురుటికో, మనవడి బడి సెలవులకో, ఊరికే పిల్లల్ని చూసి నాలుగు చోట్లు తిరిగి రావడానికో పెద్దవాళ్ళు బయల్దేరతారు. వీసా, ఆవకాయ సీసాల మూతలు, పెట్టెల బరువు అన్నీ చర్చకొస్తాయి. రానిది ఒక్కటే. గన్నవరమో శంషాబాదో చేరి, దుబాయ్‌లో విమానం మారి, అక్కణ్ణుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు గాలిలో కూర్చోవాల్సిన మనిషి, మధ్యలో విమానం ఊగిపోతే ఎలా అన్న దిగులును లోపలే దాచుకుంటుంది. ఎప్పుడైనా నోరు తెరిచి అడిగితే ‘ఏం కాదమ్మా, మామూలే’ అన్న జవాబొస్తుంది. ప్రేమతోనే అంటారు. అయినా ఆ జవాబు తప్పని నా అభిప్రాయం. ఏమీ కాదన్న మాట మొదటి పెద్ద కుదుపుకే చెల్లకుండా పోతుంది, ఆ తర్వాత ఎవరేం చెప్పినా మనసుకెక్కదు. ఏం జరుగుతుంది, ఏం జరగదు, మన చేతిలో ఏముంది అన్న మూడూ విడదీసి చెప్పినప్పుడే భయానికి ఒక గట్టు ఏర్పడుతుంది.

ఈ తీరంలో గాలికి భయపడటాన్ని పిరికితనమనడానికి లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన తుపాను రేపల్లె, బాపట్ల ప్రాంతాల్నీ వదల్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కోతకొచ్చిన చేను నేలకు ఒరిగిపోవడం చూసిన కళ్ళకు గాలి అంటే కూల్చేదే. అయితే గాలి కూల్చేది నేలను పట్టుకుని నిలబడ్డవాటిని. వరి దుబ్బుకు వేరుంది, కొబ్బరిచెట్టుకు మొదలుంది, ఇంటికి పునాది ఉంది. కదలకుండా ఎదురు నిలిచాయి కాబట్టే బలమంతా వాటి మీద పడుతుంది. విమానానికి వేరు లేదు. ఒకప్పుడు కొమ్మమూరు కాలువలో నడిచిన పడవల్లాగా, తనను మోసే ప్రవాహంతోపాటే అదీ సాగుతుంది. గంటకు నూటయాభై కిలోమీటర్ల గాలి నిలకడగా వీస్తున్నా లోపల కప్పులో కాఫీ తొణకదు. గాలి వేగమో దిశో ఉన్నట్టుండి మారిన చోటే కుదుపు పుడుతుంది, కాలువ లాకుల దగ్గర నీళ్ళు సుడి తిరిగినట్టు.

ఆ మార్పులు మన కంటికి కొత్తవేం కావు. వైశాఖంలో కోతలైపోయి ఎండిన నల్లరేగడి చేల మీద, మిట్టమధ్యాహ్నం గద్ద ఒకటి రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి వెళ్ళిపోతుంటుంది. కాగిన నేల నుంచి లేచే వేడిగాలి దాన్ని మోస్తుంది. మండుటెండలో గన్నవరంలో దిగే విమానాన్ని కుదిపేదీ ఆ గాలే. నేల ఇంకా చల్లగా ఉండే తెల్లవారుజాము విమానాలు సాధారణంగా కుదుపుల్లేకుండా సాగేది అందుకే. గాలివాన మబ్బుల్లో పైకీ కిందికీ దూసుకుపోయే గాలులు ఇంతకంటే చాలా బలమైనవి. వాటిలోని నీటిచుక్కల్ని రాడార్ పట్టిస్తుంది కనుక పైలట్లు పక్కకు తప్పుకుని పోతారు. ఇక మూడో రకం, 35 వేల అడుగుల ఎత్తున జెట్ ప్రవాహాల అంచుల్లో పుట్టేది. అక్కడ మబ్బు ఉండదు, చుక్క నీరుండదు, రాడార్‌కి దొరకదు. ఎండ కాస్తున్న ఆకాశంలో హఠాత్తుగా వచ్చేది చాలాసార్లు ఇదే. దీన్ని ‘ఎయిర్ పాకెట్’ అనడం మనకు అలవాటు. ఆ మాట అనవసరమైన బెదురు పుట్టిస్తుంది. ఆకాశంలో గాలి లేని గుంటలుండవు. రెక్క కింద గాలి ఎప్పుడూ ఉంటుంది, కాకపోతే అది కిందికో పైకో కదులుతూ ఉంటుంది.

ఆ రెక్క సంగతి కొంచెం నిలబడి చూడాలి. పెద్ద ప్రయాణికుల విమానం రెక్క, సర్వీసులో ఎదురవుతుందని లెక్కగట్టిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకుని తీరాలన్నది నియమం. 1995 జనవరిలో బోయింగ్ 777 రెక్కల్ని హ్యాంగర్‌లో బిగించి, విరిగేదాకా పైకి వంచారు. కొసలు సుమారు 24 అడుగులు పైకి లేచాయి, భారం 154 శాతానికి చేరాక విరిగాయి. కిటికీలోంచి రెక్క ఊగడం చూసి గుండె జారిపోయేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది: అది ఊగడానికే తయారైంది. తాటికమ్మలాగా వంగుతుంది కాబట్టే విరగదు. ఇంకొక భయం చెవుల గుండా వస్తుంది. కుదుపులు మొదలవగానే ఇంజిన్ హోరు తగ్గుతుంది. ఇంజిన్ ఆగిపోతోందేమోనని ప్రాణం విలవిల్లాడుతుంది. గతుకుల రోడ్డు మీద బస్సు డ్రైవరు వేగం తగ్గించినట్టే పైలటూ తగ్గిస్తాడు, అంతే. చెవి లోపలి సమతౌల్య అవయవం కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చూపుకు నేలా దిగంతమూ ఆనకపోతే, నాలుగైదు మీటర్లు కిందికి జారినా పాతాళానికి పోతున్నట్టు చెబుతుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది: విమానాలు విరిగిన సందర్భాలు లేవా, మనుషులు చనిపోలేదా? విరిగాయి. 1966 మార్చి 5న జపాన్‌లో ఫ్యూజీ పర్వతం దగ్గర, నిర్మలమైన ఆకాశంలో, కొండను దాటి విరుచుకుపడిన గాలికి ఒక బోయింగ్ 707 ముక్కలైంది. 124 మంది పోయారు. దాన్ని దాచి ధైర్యం చెప్పడం మోసం. కానీ అది అరవై ఏళ్ళ కిందటి మాట. కొండగాలుల గురించి నేడున్న తెలివిడి, హెచ్చరికలు అప్పుడు లేవు. దగ్గరి ఉదాహరణ 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న బోయింగ్ 777. మయన్మార్ మీద దాన్ని కుదుపు పట్టుకుంది. 73 ఏళ్ళ ప్రయాణికుడొకరు మరణించారు, గుండెపోటు కావచ్చన్నారు. ఎందరో గాయపడ్డారు. విమానం ఆరువేల అడుగులు పడిపోయిందని తొలి వార్తలు చెప్పాయి. దర్యాప్తు తేల్చింది వేరు: కుదుపులో విమానం దిగింది 178 అడుగులు, 4.6 సెకన్లలో. ఆరువేల అడుగులన్నది తర్వాత పైలట్లు కావాలని దించిన ఎత్తు. మనుషుల్ని విసిరేసింది ఆ 178 అడుగుల్లోని మొదటి క్షణాలే. అప్పుడు భారం రుణాత్మకంగా ఒకటిన్నర రెట్లకు చేరింది. అంటే 60 కిలోల మనిషి, 90 కిలోల బరువుతో పైకప్పు మీదికి ‘పడ్డట్టు’. సీటు బెల్టు దీపం వెలిగింది దానికి ఎనిమిది సెకన్ల ముందు. విమానం మాత్రం తన చక్రాల మీదే బ్యాంకాక్‌లో దిగింది.

నా వాదనంతా ఈ ఎనిమిది సెకన్ల మీద నిలబడి ఉంది. దీపం వెలిగాక వెతుక్కుని పెట్టుకునే బెల్టు ఆలస్యమైన బెల్టు. అమెరికా విమానయాన సంస్థల్లో 2009 నుంచి 2022 దాకా కుదుపుల వల్ల తీవ్రంగా గాయపడ్డవాళ్ళు 163 మంది. వాళ్ళలో 129 మంది సిబ్బంది. ప్రయాణికుల కంటే ఎన్నో రెట్లు తక్కువుండే సిబ్బందికే దెబ్బలు ఎక్కువ తగలడానికి కారణం వాళ్ళు నిలబడి ఉండటం, బండి తోస్తూ ఉండటం. ఇంతకంటే సూటి సాక్ష్యం ఏం కావాలి? మనం రెక్క విరుగుతుందని భయపడతాం. విరిగేది కట్టుకోని మనిషి ఎముక. భయం పడాల్సిన చోట పడితే దాని మందు చేతికందేంత దగ్గర్లో, ఒళ్ళోనే కనిపిస్తుంది. పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీదుగా, నిద్రపోతున్నా సరే, పెట్టుకునే బెల్టు అది. దుప్పటి కప్పుకుంటే బెల్టు పైకి కనిపించేలా పెట్టుకోవాలి, అప్పుడు ఎయిర్‌హోస్టెస్ నిద్ర లేపదు. తిరుగు ప్రయాణంలో పసిబిడ్డను వెంట తెచ్చే అమ్మమ్మలకు, నానమ్మలకు ఒక మాట: అంత కుదుపులో ఏ చేతులూ బిడ్డను పట్టి ఆపలేవు. వీలైతే బిడ్డకు వేరే సీటు, దానికి తగిన పిల్లల కుర్చీ తీసుకోవాలి.

భూమి వేడెక్కి కుదుపులు పెరుగుతున్నాయి కదా అనేవాళ్ళున్నారు. నిజమే. ఉత్తర అట్లాంటిక్ మీద ఒక చోట ఏడాదికి సగటున 17.7 గంటలుండే తీవ్రమైన నిర్మలాకాశ కుదుపు, 1979 నుంచి 2020 నాటికి 27.4 గంటలైందని ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్క తేల్చారు. అమెరికా తూర్పు తీరానికి పోయే విమానాలు దాటేది ఆ సముద్రాన్నే. పెరుగుదల ఆందోళన పడాల్సిందే. అయితే ఏడాదిలో ఉన్న 8,760 గంటల్లో అవి 27. ప్రయాణం మానుకోమనడానికి ఆ లెక్క చాలదు, బెల్టు తియ్యొద్దనడానికి కావలసినంత. అహ్మదాబాదులో 2025 జూన్ 12న కూలిన విమానం తలపుకొచ్చి వణికేవాళ్ళకు చెప్పాల్సింది వేరు. అది పైకి లేచిన నిమిషంలోపే జరిగిన ఘోరం. గాలి కుదుపుకూ దానికీ ముడిపెట్టకూడదు. ఆ దుఃఖాన్ని తీసుకొచ్చి ప్రతి ఊపులోనూ కలిపితే భయానికి అంతుండదు.

లెక్కలు ఎన్ని చెప్పినా ఒంటికి చెమటలు పడితే ఏం లాభమన్నది చివరి అభ్యంతరం. నేను దీన్నే అన్నిటికంటే గౌరవిస్తాను. భయం బుద్ధిలో పుట్టదు, గుండెలో, అరచేతుల్లో పుడుతుంది. దానికి మందు కూడా ఒంటి గుండానే వెళ్ళాలి. ఊపిరి పీల్చినదానికంటే వదలడం నిదానంగా, పొడుగ్గా సాగితే గుండె వేగం తగ్గుతుంది. రోజరీ ప్రార్థన, మంత్ర జపం రెండూ ఊపిరిని నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి తెస్తాయని 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. మన ఊళ్ళల్లో సహస్రనామం చదువుకునే ఇళ్ళున్నాయి, మోకరించి ప్రార్థన చేసుకునే ఇళ్ళున్నాయి. రెండిళ్ళ పెద్దలకూ ఈ సాధన ముందే వచ్చు. బెల్టు పెట్టుకున్నాక దేవుణ్ణి తలచుకోవడం భయానికి మంచి విరుగుడని నేను మనస్ఫూర్తిగా అంటాను. ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వద్దు. బీపీ, షుగరు మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా కొత్త మాత్ర వేసుకోకూడదు. మత్తులో కదలకుండా గంటల తరబడి కూర్చుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది.

మిగిలింది భాష. సముద్రాలు దాటే విమానంలో పైలట్ చెప్పేది ఇంగ్లీషులోనో అరబ్బీలోనో వినిపిస్తుంది. అర్థం కాని గొంతు, వెలిగిన దీపం, ఊగుతున్న గది కలిస్తే పెద్దవాళ్ళకు కలిగేది ఒంటరితనం. టికెట్టు కొన్న పిల్లలు ఇంకొక్క పని చెయ్యాలి. ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో నాలుగు ముక్కలు రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టాలి. ‘అమ్మా, రెక్కల దగ్గరి సీటే తీసుకున్నాను, అక్కడ ఊపు తక్కువ. ఇంజిన్ చప్పుడు తగ్గితే పైలట్ నెమ్మదిగా నడుపుతున్నాడని అర్థం. ఊగుతున్నప్పుడు వేడి కాఫీ తీసుకోకు, బాత్రూమ్‌కి లేవకు, దీపం ఆరాక వెళ్ళు. నాన్నగారు బెల్టు తీసేస్తారు, చూస్తూ ఉండు.’