చెరకు చెప్పని మాట

బోధను ప్రాంతమున పుట్టిన వారికి చక్కెర యన్న చెరకే. నిజాంసాగరు కాలువ నీటితో పెరిగిన తోటలు, 1937లో శక్కర్‌నగరున వెలసి 2015లో ఆగిపోయిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, గడల బండ్ల బారులు నేటికిని ఇంటింటి ముచ్చటలే. కనుక "మొక్కలో ఆహారము సుక్రోజు రూపమున ప్రయాణించును" అని చెప్పినంతనే తరగతి యంతయు తల యూపును. చెరకు విషయమున అది నిజమే. దానిని చెట్లన్నిటికిని అంటగట్టుటయే నా ఆక్షేపణ.

నేనెరిగిన యొక విద్యార్థి, ఆపిలు చెట్టులో సార్బిటాల్ ప్రయాణించునని వ్రాసి మార్కు పోగొట్టుకొనెను. వాడు వ్రాసినది సరియే! ఆపిలు ఆకులో తయారైన ఆహారమున ఎక్కువ భాగము సార్బిటాల్‌గా మారి, పోషక కణజాలము గుండా కాయను చేరి, అక్కడ ఫ్రక్టోజు అగును. ధనియాల కుటుంబమునకు చెందిన సెలరీలో దాదాపు సగము మానిటాల్‌గా పోవును. మన జిల్లా సోయా చిక్కుడులో ప్రధాన వాహకము సుక్రోజే. అయినను దాని ఆకులలో పినిటాల్ అను మరియొక బంధువు కలదు. బడి ఆవరణలోని కాగితపు పూల చెట్టు ఆకులలోను అదియే యున్నది.

మరి గ్లూకోజే నేరుగా ఏల పోదు? దాని ఆల్డిహైడు కొన చురుకైనది, దారిలో ఇతర పదార్థములతో కలియగలదు. సుక్రోజులో ఆ కొన ముడివడి యున్నది. సార్బిటాల్‌లో హైడ్రోజను చేరి ఆల్కహాలు సమూహముగా మారినది. బెనెడిక్టు ద్రావణముతో వేడిచేసి చూడుడు: గ్లూకోజు ఇటుక రంగు చూపును, తక్కిన రెండును మిన్నకుండును. పాఠమున చెప్పదగినది ఈ పోలికయే. సుక్రోజు అందులో ఒక ఉదాహరణము మాత్రమే.

పేరు కూడ చిక్కు తెచ్చినది. ఒక గైడు పుస్తకమున వీటిని "చక్కెర మద్యము" అనిరి. మొలాసిస్ పులిసిన సారా యగునని తెలిసిన ఊరిలో పిల్లలు ఏమనుకొందురు? వీటిలో మత్తు లేదు. పాలియాల్ అనిన చాలును.

ఇది పేర్ల తగవు మాత్రమే కాదు. బోరాను ఒకసారి ఆకును చేరిన పిమ్మట కదలదనియు, అందుచే లోపము లేత చిగుళ్లలోనే కనిపించుననియు బోధింతుము. సుక్రోజు మొక్కలలో అది చాలవరకు సరియే. కాని సార్బిటాల్, మానిటాల్ బోరానును పట్టుకొని ముదురాకుల నుండి చిగుళ్లకు మోసికొనిపోవును. సార్బిటాల్ చేయు జన్యువును పొగాకులో ప్రవేశపెట్టగా ఆ మొక్కలోను బోరాను కదలెను, లోపమును మరింత తట్టుకొనెను. ఈ ఫలితము 1999లో ప్రకటితమైనది. పొగాకు తెలుగు రైతు ఎరిగిన పైరే గదా, దీనిని పాఠమున చేర్చుటకు అడ్డేమి?