గాలి ఎలా చేరింది?

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలే రోజుల్లో నరసరావుపేట షెడ్డులోకి పాత లారీ వచ్చిందంటే డ్రైవర్‌కి నిలబడే ఓపిక ఉండదు. "మేస్త్రీ, క్లచ్ కిందకి పోతోంది. గాలి తీసి పంపించు" అంటాడు. తీస్తే బండి వెళ్ళిపోతుంది, నిజమే. కానీ ఆ గాలి లోపలికి ఎలా చేరిందో ఎవరూ అడగకపోవడమే నా బాధ.

పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని ఆయిల్ పైపు వెంట పోయి, గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ని తోస్తుంది. ఒత్తిడికి ఆయిల్ కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. మన కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే సరిపోతే క్లచ్ పూర్తిగా విడవదు. రివర్స్ వేయబోతే గేరు కర్రుమంటుంది.

గట్టిగా ఉన్న లైన్లోకి గాలి ఊరికే రాదు. రెండు మూడుసార్లు కొడితే పెడల్ గట్టిపడుతోందంటే గాలి ఉన్నట్టు. తొక్కి పట్టుకుంటే మెల్లగా దిగిపోతూ బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పు అరిగి ఆయిల్ వెనక్కి జారుతున్నట్టు. తడి ఉందేమో క్యాబిన్‌లో పెడల్ రాడ్ దగ్గర వేలు పెట్టి చూడాలి. కింద స్లేవ్ మీది రబ్బరు బూటు ఎత్తి చూడాలి. ఒకరు తొక్కుతుండగా ఇంకొకరు హోస్ పట్టుకుంటే ఉబ్బు చేతికే తెలుస్తుంది.

ఆయిల్ రంగు కూడా చూడండి. క్లచ్‌లోనూ పోసేది బ్రేక్ ఆయిలే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. ఆ తేమే సిలిండర్ గోడకు తుప్పు పట్టిస్తుంది, ఆ గరుకు కప్పును కోస్తుంది. దారిలో దొరక్క ఇంజిన్ ఆయిల్ పోశారా, రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ఇక మార్చుకోవాల్సిందే.

కారణం దొరికి, బాగుచేశాకే గాలి తీయడం. మేస్త్రి లారీ కింద, క్లీనర్ పైన సీట్లో. ఒకరికొకరు కనపడరు.

"తొక్కరా... పట్టు."

"పట్టానన్నా."

స్లేవ్ మీది నిపుల్ కొద్దిగా వదులు చేయగానే దానికి తగిలించిన ట్యూబులో బుడగలు పరుగెడతాయి.

"వదలకు." నిపుల్ బిగించాకే, "ఇప్పుడు వదులు."

మాట ఒక్క క్షణం తప్పితే లైను బయటి గాలిని తిరిగి లోపలికి లాగేసుకుంటుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ గొంతుల మధ్య కుదిరే నమ్మకం. దడదడా కొట్టకూడదు, ఆయిల్ నురగెత్తుతుంది. పైన ఆయిల్ డబ్బా ఖాళీ అవనిస్తే మొదటికొస్తుంది. బుడగ లేని ధార వచ్చేదాకా ఇదే వరస.

అయ్యాక బండి వెనక ఎవరూ లేకుండా చూసి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి, కాసేపాగి రివర్స్ వేయించండి. చప్పుడు లేకుండా పడితే, పెడల్ అలాగే పట్టి ఉంచమనండి. బండి మెల్లగా వెనక్కి పాకిందంటే మాస్టర్ కప్పు దగ్గర ఆయిల్ ఇంకా జారుతున్నట్టే. ఆ పూటకు లోడు ఒప్పుకోకండి, మాస్టర్ సిలిండర్ కిట్ మార్పించండి.