మెమరీ యాడికి పోతుంది?

సంక్రాంతి సెలవులకు మా నెల్లూరు జిల్లా సంగం వచ్చిన ఒక కుర్రాడు రాత్రి పదకొండు గంటలకు ఫోన్ చేశాడు. కొన్నేళ్ల కిందటి మాట. "అన్నా, పడుకున్నావా? సర్వర్‌లో మెమరీ మళ్లీ నిండిపోయింది. యాడికి పోతుందో తెలీడంలా. రీస్టార్ట్ చేసేదా?"

"చెయ్యబాక అబ్బయ్యా. ముందు లెక్క చూద్దాం" అన్నాను.

అతను పనిచేసేది హైదరాబాద్ కంపెనీకి. సర్వర్ ఇంకెక్కడో ఉంది. అందులో 32 జీబీ ర్యామ్. రెండు వారాలకోసారి నిండుతుంది, అలారం మోగుతుంది, ఎవరో ఒకరు రీస్టార్ట్ చేస్తారు, మళ్లీ రెండు వారాలు ప్రశాంతం. ఇలా ఆరు నెలలుగా సాగుతోంది. ఆ ఆరు నెలల్లో ఎందుకు నిండుతోందని అడిగినవాళ్లు లేరు. రీస్టార్ట్ చేస్తే జబ్బుతో పాటు జబ్బు ఆనవాళ్లు కూడా పోతాయి, కాబట్టి అడిగినా జవాబు దొరికేది కాదు.

మర్నాడు పొద్దున ఇద్దరం పెన్న ఒడ్డున బ్యారేజీ దగ్గర కూర్చున్నాం. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన ఈ బ్యారేజీకి ఆత్మకూరు ఎమ్మెల్యేగా, రాష్ట్ర ఐటీ మంత్రిగా ఉండగానే కన్నుమూసిన మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. దానికి ముందు ఇక్కడ ఇంగ్లీషువాళ్ల కాలపు ఆనకట్ట ఉండేది. పైన సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం, ఇక్కడి నుంచి కాలువ మీద కనిగిరి చెరువు, దాని కింద ఆయకట్టు. ఈ నీళ్ల మీద బతికే మా ప్రాంతంలో కాలువ చివర కయ్యకు నీళ్లు అందకపోతే ఎవరూ నీళ్లు మాయమయ్యాయని అనుకోరు. పైన ఎంత వదిలారు, ఏ తూము ఎంత తీసింది, ఎక్కడ గండి పడింది, ఎవరు మడవ తిప్పుకున్నారు అని ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి నడుస్తారు. లెక్క ఎక్కడ తేలదో అక్కడ ఆగుతారు. సర్వర్‌లో మెమరీ వెతకడం కూడా అచ్చంగా ఇదే పని. ర్యామ్ ఎక్కడికీ ఆవిరైపోదు. ప్రతి నాలుగు కిలోబైట్ల పేజీ ఎవరో ఒకరి చేతిలో ఉండి తీరుతుంది. ఆ చెయ్యి ఎవరిదో కనుక్కోవడమే ఈ విద్య.

మొదట తొలగించుకోవలసింది ఒక పాత అపోహ. లినక్స్ ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఊరికే వదలదు. డిస్క్ మీద చదివిన ప్రతి ఫైలునూ మళ్లీ అడుగుతారేమోనని మెమరీలో ఉంచుకుంటుంది. దాన్నే పేజ్ క్యాష్ అంటారు. అందుకే కొత్త సర్వర్ కూడా నాలుగు రోజులు నడిచేసరికి ఫ్రీ కమాండ్‌లో ఖాళీ చాలా తక్కువ చూపిస్తుంది. అది నష్టం కాదు. వానాకాలంలో చెరువు నిండుగా ఉంటే నీళ్లు వృథా అయ్యాయని ఎవరైనా అంటారా? ఏ ప్రోగ్రామ్‌కైనా మెమరీ కావాలంటే కర్నెల్ ఆ క్యాష్‌ను వదిలేస్తుంది, తూము ఎత్తినట్టే. కానీ క్యాష్‌లో ఎంత భాగం నిజంగా వెనక్కి వస్తుందన్నది చాలా కాలం అంచనా మీదే నడిచింది. 2014లో వచ్చిన 3.14 కర్నెల్‌లో రిక్ వాన్ రీల్ అనే డెవలపర్ 'మెమ్అవైలబుల్' అనే అంకెను చేర్చాడు. స్వాప్‌కు పోకుండా కొత్త ప్రోగ్రామ్‌కు ఎంత ఇవ్వగలమో కర్నెలే లెక్కగట్టి చెప్పే అంకె అది. ఇవాళ మీరు చూడవలసింది 'ఫ్రీ' కింద ఉన్నదాన్ని కాదు, 'అవైలబుల్' కింద ఉన్నదాన్ని. ఈ ఒక్క మాట తెలియక రాత్రిళ్లు నిద్ర చెడగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మా కుర్రాడిది ఆ కేసు కాదు. అతని సర్వర్‌లో ఉన్నది పాత సెంట్‌ఓఎస్ 6. దాని ఫ్రీ కమాండ్‌లో బఫర్లు, క్యాష్ తీసేసిన లెక్క రెండో వరసలో వస్తుంది. ఆ వరసలో కూడా 23 జీబీ వాడకం ఉంది. టాప్ కమాండ్‌లో ప్రాసెస్‌లన్నీ కూడితే ఐదు జీబీ. మిగతా 18 జీబీకి లెక్క లేదు.

ఈ కూడికలోనే చాలామంది బోల్తా పడతారు. టాప్‌లో కనిపించే 'విర్ట్' అంటే ప్రోగ్రామ్ అడిగి పెట్టుకున్న చిరునామాల విస్తీర్ణం మాత్రమే. అది వంద జీబీ ఉన్నా కంగారు అక్కర్లేదు. 'రెస్' అంటే నిజంగా ర్యామ్‌లో కూర్చున్నది. అయితే అందులో పంచుకునే భాగం ప్రతి ప్రాసెస్ ఖాతాలోనూ పూర్తిగా పడుతుంది. నలుగురు అన్నదమ్ములకు ఉమ్మడి బావి ఒకటుంటే, ఎవరి ఆస్తి లెక్క వాళ్లు చెప్పేటప్పుడు నలుగురూ బావిని కలిపి చెప్పినట్టు. కూడితే నాలుగు బావులు తేలతాయి. బావిని నాలుగు వాటాలు చేసి చెప్పే లెక్క పేరు 'పీఎస్‌ఎస్'. మాట్ మెకాల్ రాసిన ఎస్‌మెమ్ అనే చిన్న సాధనం ఆ లెక్క తీసి పెడుతుంది. రెస్ మొత్తం అసలు కంటే ఎక్కువ చూపిస్తుందే గానీ తక్కువ చూపించదు. అంటే మా 18 జీబీ ఏ ప్రాసెస్ దగ్గరా లేదని ఖాయమైంది.

ప్రాసెస్‌ల దగ్గర లేకపోతే కర్నెల్ దగ్గర ఉండాలి. ఇక్కడే ప్రాక్ కింద ఉండే మెమ్‌ఇన్ఫో ఫైలు తెరవాలి. నా దృష్టిలో లినక్స్ మొత్తంలో ఇంత నిజాయితీ గల చిట్టా పుస్తకం మరొకటి లేదు. మొత్తం, ఖాళీ, క్యాష్, ప్రోగ్రామ్‌ల సొంత పేజీలు, స్లాబ్, పేజ్‌టేబుల్స్, హ్యూజ్‌పేజెస్... ఒక్కో పద్దు ఒక్కో వరస. కుర్రాడు లాప్‌టాప్‌లో వరసలు చదువుతూ స్లాబ్ దగ్గర ఆగిపోయాడు. 18 జీబీకి పైనే.

స్లాబ్ అంటే కర్నెల్ తన సొంత అవసరానికి ఉంచుకునే చిన్న చిన్న వస్తువుల గిడ్డంగి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేసిన జెఫ్ బాన్‌విక్ 1994లో ఈ పద్ధతిని వివరించాడు. ఒకే సైజు వస్తువులను ఒకే అరలో పేర్చుకుంటే తీసి ఇవ్వడం తేలిక అన్నది అందులోని ఆలోచన. స్లాబ్‌టాప్ కమాండ్ కొడితే ఏ అరలో ఏముందో కనిపిస్తుంది. కొట్టాం. మొదటి వరసలోనే 'డెంట్రీ'. పది కోట్లు! ఒక్కోటి 192 బైట్లు. లెక్క సరిపోయింది.

డెంట్రీ అంటే ఫలానా పేరున్న ఫైలు ఎక్కడుందో కర్నెల్ గుర్తుపెట్టుకునే చీటీ. ఫైలు లేకపోయినా, లేదన్న సంగతిని కూడా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ అడిగితే డిస్క్ దాకా వెళ్లకుండా లేదని వెంటనే చెప్పడానికి. మరి పది కోట్ల లేని ఫైళ్లను అడుగుతున్నది ఎవరు? ఏ ప్రోగ్రామ్ కర్నెల్‌ను ఏమడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్‌తో వెతికితే దొరికింది. సర్వర్ బతికి ఉందా అని నిమిషానికోసారి చూసే చిన్న స్క్రిప్టు ఒకటి ఉంది. అది కర్ల్‌తో హెచ్‌టీటీపీఎస్ పిలుపు పంపుతుంది. ఆ కర్ల్ వెనకాల ఉన్న ఎన్‌ఎస్‌ఎస్ లైబ్రరీ, ఫైల్ సిస్టమ్ ఎంత వేగమో తెలుసుకోవడానికి లేని ఫైళ్ల పేర్లు కల్పించి వేల సార్లు అడిగి చూస్తుంది. సెంట్‌ఓఎస్ 6 కాలంలో చాలామంది అడ్మిన్లను ఏడిపించిన పాత సమస్యే ఇది. ఒక్కో పిలుపుకు ఐదు వేల చీటీలు అనుకుంటే, రోజుకు 1440 పిలుపులు, పద్నాలుగు రోజులకు పది కోట్లు. రెండు వారాలకోసారి ఎందుకు నిండుతోందో ఆ గుణకారం చూశాకే కుర్రాడికి తెలిసింది. అతని ముఖం విచ్చుకున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

మందు చిన్నదే. ఆ స్క్రిప్టులో 'ఎన్‌ఎస్‌ఎస్ ఎస్‌డీబీ యూజ్ క్యాష్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 'యెస్' అని పెట్టడమే. నిజానికి ఆ చీటీలు కర్నెల్ అవసరమైతే వదిలేయగలిగినవే. అంత భారీగా పేరుకుంటే మాత్రం వదిలే వేళకు మిషను ఆగి ఆగి నడుస్తుంది. కొత్త ఫ్రీ కమాండ్ ఇలాంటి వదిలేయగల స్లాబ్‌ను కూడా క్యాష్ కిందే లెక్కిస్తుంది కాబట్టి ఈ రకం అలారం ఇవాళ తక్కువ.

అన్ని కేసులూ స్లాబ్ దగ్గర ఆగవు. డేటాబేస్ సర్వర్లలో నేను ఎక్కువ చూసింది పేజ్‌టేబుల్స్ గొడవ. పేజ్‌టేబుల్ అంటే ప్రతి పేజీ ఎక్కడుందో చెప్పే సూచిక, పేజీకి ఎనిమిది బైట్లు. 16 జీబీ ఉమ్మడి మెమరీని ఒక ప్రాసెస్ తాకితే ఆ సూచికకే 32 ఎంబీ కావాలి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ డేటాబేస్‌కు 500 కనెక్షన్లు ఉండి, ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్ అయితే, సూచికలకే 16 జీబీ. పుస్తకం ఎంతో విషయసూచిక కూడా అంత! నాలుగు కిలోబైట్ల పేజీలకు బదులు రెండు ఎంబీల హ్యూజ్‌పేజెస్ వాడితే ఈ భారం దాదాపు పోతుంది.

అయితే ఆ హ్యూజ్‌పేజెస్‌దే ఇంకో కథ. డేటాబేస్ కోసం ఎవరో 10240 హ్యూజ్‌పేజెస్ కేటాయిస్తారు, అంటే 20 జీబీ. ఏడాది తర్వాత డేటాబేస్‌ను వేరే మిషనుకు మారుస్తారు. సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆ 20 జీబీని ఎవరూ వాడరు, కర్నెల్ ఇంకెవరికీ ఇవ్వదు, అది ఏ ప్రాసెస్ పేరునా కనిపించదు. మెమ్‌ఇన్ఫోలో ఒక్క వరస చూస్తే తేలిపోతుంది.

టీఎంపీఎఫ్‌ఎస్‌లో రాసిన ఫైళ్లూ ర్యామే. దేవ్ ఎస్‌హెచ్‌ఎమ్‌లో పడేసి మర్చిపోయిన ఫైలు, చెరిపేసినా ఏదో ప్రోగ్రామ్ తెరిచి పట్టుకున్న ఫైలు, డేటాబేస్ కూలిపోయాక మిగిలిపోయిన ఉమ్మడి మెమరీ ముక్క: ఇవన్నీ క్యాష్ లెక్కలో కలిసి కూర్చుంటాయి, కానీ వదలమంటే వదలవు. మెమ్‌ఇన్ఫోలో 'ఎస్‌హెచ్‌మెమ్' వరస పెద్దదిగా ఉంటే అక్కడ వెతకండి. ఇక వర్చువల్ మిషన్లలో వీఎంవేర్ బెలూన్ డ్రైవర్ లోపలి నుంచి మెమరీ తీసుకుని బయటి హోస్టుకు అప్పగిస్తుంది. పాత కర్నెళ్లలో దానికి మెమ్‌ఇన్ఫోలో వరసే ఉండదు. పద్దులన్నీ కూడినా మొత్తానికి తగ్గితే ఆ తేడా డ్రైవర్లదని అనుమానించాలి.

నిజమైన లీకులు వేరు. ఒక ప్రాసెస్ రెస్ రోజూ పెరుగుతూ, పని తగ్గినా దిగకపోతే అది లీకు కావచ్చు. అక్కడా తొందరపడకూడదు. చాలా థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లలో జీలిబ్‌సీ లైబ్రరీ ఒక్కో కోర్‌కు ఎనిమిది దాకా అరీనాలు, అంటే మెమరీ పంచే అరలు, తెరుస్తుంది. ప్రోగ్రామ్ విడిచిన మెమరీ ఆ అరీనాల్లో ముక్కలుగా ఇరుక్కుపోతుంది. 'మాలక్ అరీనా మ్యాక్స్' విలువ తగ్గిస్తే అది దిగుతుందా లేదా చూడాలి. దిగితే లీకు కాదు.

ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే చివరికి వచ్చేది, మెమరీ చాలనప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే ఓఓఎమ్ కిల్లర్. దాని తీర్పు నాకు ఎప్పుడూ బాధే. మెమరీ ఎవరు మింగారో చూడదు, ఎక్కువ మెమరీతో ఎవరున్నారో చూస్తుంది. స్లాబ్‌ను నింపింది చిన్న స్క్రిప్టయితే, చచ్చేది డేటాబేస్. మర్నాడు మీటింగ్‌లో డేటాబేస్‌ను తిడతారు, దానికి ఇంకా ర్యామ్ కొంటారు. కానీ ఆ కిల్లర్ చంపే ముందు కర్నెల్ లాగ్‌లో స్లాబ్ ఎంత, ఎవరి రెస్ ఎంత అని మొత్తం పట్టిక రాసి పెడుతుంది. డీమెస్‌జీలో ఆ పట్టిక చదివేవాళ్లు తక్కువ. చదివితే అసలు దొంగ చాలాసార్లు అక్కడే దొరుకుతాడు.

మెమరీ చాలక మిషను పని మానేసి పేజీలు అటూ ఇటూ మోసుకుంటూ కూర్చునే స్థితి ఎందుకొస్తుందో పీటర్ డెనింగ్ 1968లోనే వివరించాడు. అప్పటి మిషన్లకు కిలోబైట్లలో మెమరీ ఉండేది. ఇవాళ్టివాటికి వందల జీబీలు. మారనిది ఒకటే, వాడేవాడికి లెక్క తెలియాలి. ర్యామ్ చవకైన కొద్దీ ఆ లెక్క చూసే అలవాటు పోతోంది. సంగం, ఆత్మకూరు, ఉదయగిరి నుంచి ఏటా ఎందరో పిల్లలు ఈ పనిలోకి వెళ్తున్నారు. వాళ్లకు క్లౌడ్ సర్టిఫికెట్లు ఉన్నాయి, మెమ్‌ఇన్ఫో ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. అది వాళ్ల తప్పు కాదు, చూపించినవాళ్లు లేరు. కాలేజీల్లో ఒక్క మధ్యాహ్నం చాలు ఇది నేర్పడానికి.

అందాకా, సర్వర్లు చూసుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక్క విన్నపం. రీస్టార్ట్ బటన్ నొక్కే ముందు మెమ్‌ఇన్ఫో, స్లాబ్‌ఇన్ఫో, ప్రాసెస్‌ల జాబితా, డీమెస్‌జీ, ఈ నాలుగింటినీ ఒక ఫైల్లోకి దించుకోండి. ఒక్క నిమిషం పని. సర్వర్‌ను ఆ తర్వాత రీస్టార్ట్ చేసుకోండి, లెక్క పొద్దున తీరిగ్గా చూసుకోవచ్చు.