పెడల్ తన్నినా కాలు తీయకండి

పావగడ శనీశ్వరుడి గుడి దగ్గర కొత్త కారుకి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, 'ఏబీఎస్ ఉంది కదా, ఇంకేం భయం' అనేవాళ్ళకు కొదవలేదు. ఈ వారం ఆ మాట మళ్ళీ చెవిన పడి చిరాకేసింది. నా చాదస్తం పాఠకులకు తెలిసిందే: ముందు బండికీ మనకూ మధ్య ఉన్న ఎడమే అసలు బ్రేకు. 80 కిలోమీటర్ల వేగంలో కాలు పెడల్ మీదికి చేరే సెకనులోనే 22 మీటర్లు దాటిపోతాం. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక సాగే దూరం నాలుగింతలు. మ్యూనిక్‌లో 1980లలో టాక్సీలను గమనిస్తే, ఏబీఎస్ ఉన్నవాటికి ప్రమాదాలేమీ తగ్గలేదు. ఆ ధీమాతో డ్రైవర్లు ముందు బండిని మరింత ఆనుకుని తోలారు. 2022 మార్చిలో మన పళవళ్ళి దగ్గర కిక్కిరిసిన ప్రైవేటు బస్సు బోల్తా పడి విద్యార్థులు చనిపోయారు. మితిమీరిన లోడు, వేగం కలిస్తే ఏ బ్రేకూ అడ్డు పడలేదు.

అయితే ఏబీఎస్ దండగ అనడానికి లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు దాన్ని తప్పనిసరి చేసింది ఊరికే కాదు. ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సార్ దాని వేగాన్ని కనిపెడుతుంటుంది. చక్రం బిగుసుకుపోబోతే వాల్వు ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి తగ్గించి, మళ్ళీ పెంచుతుంది, సెకనుకు ఎన్నోసార్లు. కాలి కింద పెడల్ టకటకా తన్నేది అందుకే. బిగుసుకున్న చక్రం స్టీరింగ్ మాట వినదు, దొర్లే చక్రం వింటుంది. మన రోడ్లకు ఈ గుణమే కావాలి. సుగ్గి రోజుల్లో తారు మీదే ఉలవకట్టె, రాగి కంకులు పరిచి కళ్ళం చేస్తారు. ఎదురుగా లారీ వస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. ఒకవైపు తారు, ఒకవైపు ఇసుక ఉన్నప్పుడు చక్రాలు బిగిస్తే బండి అడ్డం తిరుగుతుంది. ఏబీఎస్ ఉంటే సరిదిద్దుకునే వీలుంటుంది. గుల్ల ఇసుకలో, కంకరలో మాత్రం దానివల్ల ఆగే దూరం కొంత పెరగవచ్చు, నిజమే.

'బ్రేకు కొట్టి కొట్టి వదలాలి' అన్న పాత డ్రైవర్ల పాఠాన్ని ఈ కాలమ్ ఎన్నోసార్లు మెచ్చుకుంది. ఏబీఎస్ కారులో అది పనికిరాదు. ఎడం ఎంత ఉంచినా మేక అడ్డం రాకుండా పోదు. అప్పుడు పెడల్ గట్టిగా తొక్కి, అది తన్నినా కాలు తీయక, స్టీరింగ్ తిప్పుకోవాలి. ఏబీఎస్ దీపం ఆరకుండా వెలుగుతుంటే మామూలు బ్రేకు ఉంటుంది కానీ ఆ కాపలా ఉండదు. షెడ్డుకు చేరేదాకా పాత పద్ధతే దిక్కు.