కీరో, వైల్డ్, ఎరుకలసాని

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో చెయ్యి పెడితే కీరో తగలకుండా ఉండడు. పెద్ద బాలశిక్షకీ ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషుకీ మధ్య ఎక్కడో ఉంటాడు. అట్ట మీద ఒక అరచెయ్యి, దాని మీద గీతల పేర్లు. ఆయుర్దాయ రేఖ, బుద్ధి రేఖ, హృదయ రేఖ. లోపల సన్నటి అక్షరాల్లో మన భవిష్యత్తు.

సాహిత్యం గురించి మాట్లాడుకునే చోటికి ఈ పుస్తకాన్ని ఎందుకు తెచ్చావని మీరు అడగొచ్చు. చెయ్యి చూడ్డం శాస్త్రమా కాదా అని తూచినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ తీర్పు ఎప్పుడో వచ్చేసింది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. తీర్పు వచ్చినా ఇది చావలేదు కదా, ఎందుకని? ఇది బతికేది కథగా. కథ కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు కూడా కథల్ని అడిగేవే. ఎవరు చెప్తున్నారు, ఎవరికి చెప్తున్నారు, చెప్పినవాడి మాట ఎందుకు నమ్ముతున్నాం?

కీరో అసలు పేరు విలియం జాన్ వార్నర్. 1866లో ఐర్లండ్‌లో పుట్టాడు. కౌంట్ లూయీ హామన్ అని ఒక దొరతనం కూడా తనే తగిలించుకున్నాడు. చెయ్యి అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి తీసుకున్న వృత్తి పేరు కైరో. మన నోట్లో అది కీరో అయి స్థిరపడింది. 1890లలో లండన్ పెద్దింటి వాళ్ళు ఇతని గది ముందు వరుస కట్టారు. 1894లో చేతి భాష మీద పుస్తకం వేశాడు. 1936లో, ఇంకెక్కడో కాదు, హాలీవుడ్‌లో పోయాడు. అంతకన్నా తగిన చోటు దొరకదు.

తన విద్య ఎక్కడిదో చెప్పడానికి అతను రాసుకున్న కథ ఇది. కుర్రతనంలో ఓడెక్కి బొంబాయి వచ్చాడట. కొంకణంలో జోషీ బ్రాహ్మణుల దగ్గర చేరాడట. వాళ్ళు మనిషి చర్మంతో చేసిన ఓ ప్రాచీన గ్రంథాన్ని చూపించారట. మన జ్యోతిష్కుల ఇళ్ళలో పంచాంగాలూ తాళపత్రాలూ చూసినవాళ్ళం, మనిషి చర్మం దగ్గర ఆగిపోతాం. లండన్ పాఠకుడు ఆగలేదు. అతనికి కావలసిన ఇండియా అదే.

అసలు తమాషా పుస్తకం లోపల ఉంది. కీరో చేతుల్ని ఏడు రకాలుగా విడగొడతాడు. ఆ ఏడూ దాదాపు ఉన్నవున్నట్టుగా దార్పాంతిన్యీ అనే ఫ్రెంచి సైనికాధికారి అంతకు అర్ధశతాబ్దం ముందు చేసిన విభజన. గీతల్నీ వేళ్ళ కింది మిట్టల్నీ ఆధునికంగా సర్దిపెట్టడంలో దెబరోల్ అనే ఇంకో ఫ్రెంచాయన 1859లో వేసిన పుస్తకం ముందుంది. అంటే మన తాతలు 'మన ప్రాచీన విద్య' అనుకుని తెలుగులో చదివినది పారిస్‌లో తయారై, లండన్‌లో కొంకణం లేబుల్ వేయించుకుని, తిరిగి మన స్టేషన్ బుక్‌స్టాల్‌కి వచ్చిన సరుకు.

మనకంటూ ఒకటి లేదని కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడి బృహత్సంహితలో సాముద్రికం ఉంది. అయితే అది ఒక్క అరచెయ్యితో ఊరుకోదు. అరికాలి రంగు, నాభి లోతు, గొంతు, నడక, అన్నీ చూస్తుంది. చేతిలో చేప, శంఖం, చక్రం వెతుకుతుంది. ఎవడు రాజవుతాడు, ఏ పిల్ల ఎవరింటికి కోడలిగా పనికొస్తుంది అన్నవే దాని పెద్ద ప్రశ్నలు. ఆడపిల్లల లక్షణాల భాగాన్ని ఇవాళ చదివితే పెళ్ళిచూపుల చెక్‌లిస్టులా ఉంటుంది. ఇంకో సంగతి, దీన్ని శంకించినవాళ్ళు కూడా ఇక్కడే ఉన్నారు. బౌద్ధుల బ్రహ్మజాల సుత్తం ఒంటి గుర్తులు చూసి ఫలం చెప్పడాన్ని భిక్షువులు చెయ్యకూడని నీచవిద్యల జాబితాలో వేసింది. సన్యాసి అంగవిద్యతో భిక్ష సంపాదించకూడదని మనుస్మృతి అంది. బుద్ధుడి పాదాల్లో చక్రాలు చూసి పొంగిపోయిన సంప్రదాయమే ఆ విద్యతో పొట్టపోసుకోవద్దని కూడా చెప్పింది. ఈ ఇబ్బంది నాకు బాగా నచ్చుతుంది.

ఇక వైల్డ్. 1887లో ఆస్కార్ వైల్డ్ 'లార్డ్ ఆర్థర్ సావిల్స్ క్రైమ్' అనే కథ రాశాడు. ఒక విందులో పాడ్జర్స్ అనే పామిస్టు లార్డ్ ఆర్థర్ చెయ్యి చూసి తెల్లబోతాడు. నువ్వు హత్య చేస్తావు అంటాడు. ఆర్థర్ పెద్దమనిషి. పెళ్ళయ్యాక హత్య చేస్తే భార్యకి అప్రతిష్ఠ, కాబట్టి ముందే ఆ పని ముగించుకుందామనుకుంటాడు. ముసలి బంధువుకి విషపు గుళిక ఇస్తే ఆవిడ దాన్ని మింగకుండానే సహజంగా పోతుంది. ఇంకో పెద్దాయనకి బాంబు గడియారం పంపిస్తే అది పిల్లల ఆటవస్తువులా తుస్సుమంటుంది. చివరికి ఓ రాత్రి థేమ్స్ ఒడ్డున పాడ్జర్స్ కనిపిస్తాడు. ఆర్థర్ అతన్నే నదిలోకి తోసేస్తాడు. జోస్యం నిజమైంది! ఆర్థర్ హాయిగా పెళ్ళి చేసుకుంటాడు.

హస్తసాముద్రికం మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను చదవలేదు. గీత నిజమా అబద్ధమా అన్న గొడవలోకే వైల్డ్ దిగడు. చెప్పిన మాట మనిషిని ఎలా పని చేయిస్తుందో చూపిస్తాడు, అంతే. జాతకం బాగాలేదని పెళ్ళి తప్పిపోయిన ఏ ఇంట్లోవాళ్ళకైనా ఇది వివరించక్కర్లేదు. అక్కడ గ్రహాలు ఏమీ చెయ్యవు, చేసేది పెదనాన్నలు.

ఇదే వైల్డ్ చేతిని తాను చూశానని కీరో తన జ్ఞాపకాల్లో రాశాడు. 1893లో వైల్డ్ నాటకం మొదటి ప్రదర్శన తర్వాత జరిగిన విందు. తెర వెనక నుంచి ఎవరివో తెలియని రెండు చేతులు వచ్చాయి. ఎడమ చెయ్యి రాజుది, కుడి చెయ్యి తనంతట తనే దేశం విడిచిపోయే రాజుది అని కీరో చెప్పాడట. రెండేళ్ళకి వైల్డ్ జైలుకెళ్ళాడు, ఆ తర్వాత దేశం విడిచాడు. ఒళ్ళు జలదరించే దృశ్యమే. కానీ ఈ మాట అచ్చయ్యేసరికి వైల్డ్ చనిపోయి ఏళ్ళు గడిచాయి. ఔనో కాదో చెప్పగలిగిన మనిషి లేడు. పైగా ఆ విందూ, మసకబారిన ముఖమూ వైల్డ్ కథలోంచి లేచొచ్చినట్టే ఉన్నాయి. నేను దీన్ని జోస్యంగా కాక అనుకరణగా చదువుతాను. కీరో జ్ఞాపకాల్లో తప్పిన జోస్యాల అధ్యాయం ఒక్కటీ కనపడదు. ఆత్మకథ రాసేవాడు తనే సాక్షి, తనే జడ్జి అయితే ఇంతే.

మార్క్ ట్వేన్ కూడా కీరో దగ్గరికి వెళ్ళాడు. తన స్వభావాన్ని సిగ్గుపడేంత కచ్చితంగా చెప్పాడని సందర్శకుల పుస్తకంలో రాసిచ్చాడని కీరో జీవితాంతం చాటుకున్నాడు. ఆ రోజుల్లోనే 'పుడ్‌న్‌హెడ్ విల్సన్' వచ్చింది, 1893 డిసెంబర్ నుంచి సీరియల్‌గా. అందులో విల్సన్ అనే లాయర్‌కి రెండు పిచ్చులు. ఒకటి చెయ్యి చూడ్డం, రెండోది గాజుపలకల మీద జనం వేలిముద్రలు సేకరించడం. కథంతా ఒక తారుమారు మీద నడుస్తుంది. చూడ్డానికి తెల్లగానే ఉన్నా బానిస అయిన రాక్సీ అనే తల్లి తన బిడ్డని యజమాని బిడ్డ ఉయ్యాల్లో పెడుతుంది. వాడు దొరలా పెరుగుతాడు, అసలు దొర బానిసలా పెరుగుతాడు. చివర్లో కోర్టులో వేలిముద్రలు నిజం బయటపెడతాయి. నిజం వల్ల జరిగిందేంటంటే, దొరగా పెరిగినవాణ్ణి అప్పులవాళ్ళు ఆస్తిగా లెక్కగట్టి అమ్మించేస్తారు. అసలు వారసుడికి ఆస్తి దక్కుతుంది కానీ బానిస యాస పోదు, దొరల గదిలో కూర్చోవడం రాదు. చేతిలోంచి నిజం చదవడం అంటే ఎవరికి లాభం అని ట్వేన్ అడిగినంత గట్టిగా ఎవరూ అడగలేదు.

తీర్పు సంగతి చెప్తానన్నాను. 1949లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త ఒక పరిశోధన అచ్చువేశాడు. 39 మంది విద్యార్థులకి ఒక్కొక్కరికీ విడిగా రాసిన స్వభావ వర్ణన అని చెప్పి కాగితాలిచ్చాడు. అయిదుకి సగటున 4.26 మార్కులు వేశారు వాళ్ళు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకంలోవి. రే హైమన్ కథ ఇంకా బాగుంటుంది. కుర్రతనంలో చేతులు చూసి సంపాదించేవాడు, చెప్పినవి సరిపోతుంటే తనే నమ్మడం మొదలుపెట్టాడు. ఓ సారి స్నేహితుడి సలహా మీద గీతలు చెప్పేదానికి సరిగ్గా తిరగేసి చెప్పాడు. అప్పుడూ అంతే బాగా సరిపోయిందన్నారు! ఆయన తర్వాత మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు.

గీతల్లో అసలేమీ లేదనడం కూడా తప్పే. అవి తల్లి కడుపులో మొదటి మూడు నెలల్లోనే ఏర్పడతాయి. అరచేతికి అడ్డంగా ఒకే గీత ఉండటం డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది, ఏ సమస్యా లేనివాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. డాక్టరు దాన్ని చూసి ఇంకో పరీక్ష రాస్తాడు. కీరో అయితే తలరాత రాసేవాడు.

ఈ కథలో నాకు అసలు గుచ్చుకునేది వేరే చోట ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టర్ అరచేతికి సిరా పూసి ఒప్పందపత్రం వెనక అద్దించాడు. రేపు సంతకం నాది కాదనకుండా భయపెట్టడానికట. అక్కడి నుంచి 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో దాకా వచ్చాం. ముద్రల్ని వర్గీకరించే పద్ధతికి బుర్ర పెట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి హెన్రీది. కీరో లండన్‌లో రాణుల చేతులు పట్టుకుంటున్న దశాబ్దంలోనే ఇక్కడ చెయ్యి సాక్ష్యంగా మారిపోయింది.

మన దగ్గర ఈ రెండు చరిత్రలూ ఒకే మనిషి దగ్గర కలుస్తాయి. ఎరుకలామె. బుట్ట చంకన పెట్టుకుని, చేతిలో కర్రతో, సోది చెబుతానమ్మా సోది అని వీధుల్లో తిరిగిన మనిషి. ఎరుక అంటే తెలివిడి. ఆ తెలివిడి పేరే కులం పేరుకు మూలమని చాలామంది అంటారు. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల వాళ్ళని నేరస్థ జాతిగా ప్రకటించారు. రిజిస్టరైనవాళ్ళ వేలిముద్రలు తీసుకునే అధికారం ఆ చట్టంలోనే ఉంది. స్టువర్టుపురం సెటిల్మెంట్ ఆ కాలపుదే. ఊరి చేతులన్నీ చదివిన కులం చేతుల్ని సర్కారు చదివింది. దేశమంతటా చూస్తే ఆ చట్టం 1952 దాకా పూర్తిగా పోలేదు. అటు ఇంగ్లండ్‌లోనూ 1824 నాటి వేగ్రన్సీ చట్టం చెయ్యి చూసి మోసగించేవాళ్ళని పేరు పెట్టి మరీ శిక్షించేది. అది ప్రధానంగా పడింది సంచారుల మీద, జిప్సీల మీద. కౌంట్ హామన్‌కి మాత్రం డ్రాయింగు రూములుండేవి. విశ్వసనీయత అని మనం పెద్ద మాట వాడుతుంటాం కానీ, ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పినప్పుడు ఒకరిని సీరనీ, ఇంకొకరిని దొంగనీ ఎవరు తేల్చారు?

సాహిత్యం ఆమెకి ఇచ్చిన చోటు కూడా చిత్రమైందే. శ్రీనివాస కల్యాణ కథలో సాక్షాత్తూ స్వామే ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్తాడు. పద్మావతికి ఫలానా వరుడితో పెళ్ళి చేస్తేనే బెంగ తీరుతుందని ధరణీదేవికి చెప్తాడు. ఆ వరుడు తనే! జోస్యం చెప్పేవాడికి జోస్యంలో వాటా ఉంటుందని ఇంత ముద్దుగా చెప్పిన ఘట్టం వైల్డ్‌లో కూడా లేదు. అయినా అక్కడ ఎరుకలామె ఒక వేషం మాత్రమే. పని అయ్యాక విప్పేస్తారు.

యక్షగానాల్లో ఎరుక ఘట్టాలు బోలెడున్నాయి. ఎక్కువగా వాటిని హాస్యం కింద జమకట్టి దాటేస్తుంటాం. నాకైతే వాటిని ఒకచోట చేర్చి కీరో పక్కన పెట్టుకుని చదవాలని ఉంది. ముఖ్యంగా పాత చీర కోసం, చాటెడు బియ్యం కోసం ఆమె రాణితో బేరమాడే భాగాలు.